పండగ నాటికి మార్కెట్ మూసేస్తారు

ప్రశ్న - జవాబు: జర్మనీ నుంచి క్రిస్మస్ ప్రయాణాలు

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులూ, ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రులూ పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. వేరే చెప్పని చోట తేదీలన్నీ 2026 డిసెంబరువి.

ప్రశ్న: మేం ఆరుగురం, అందరం స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాం. ఈసారి డిసెంబరు 25 శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలుపుకుని మూడు రోజులు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్దామనుకుంటున్నాం. హోటల్ కూడా చవగ్గానే దొరుకుతోంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
(ఎమ్మెస్ విద్యార్థి, స్టుట్‌గార్ట్)

జవాబు: హోటల్ చవగ్గా దొరకడానికి కారణం అప్పటికి మార్కెట్ ఉండకపోవడమే. స్ట్రాస్‌బర్గ్ మార్కెట్ 1570 నుంచి నడుస్తున్న పాత సంత. నవంబరు చివరి వారంలో మొదలై మామూలుగా డిసెంబరు 24 సాయంత్రంతో ముగుస్తుంది. మనకు దసరా, సంక్రాంతి పండగల్లో సందడంతా పండగ రోజునే కాబట్టి అక్కడా అంతే అనుకుంటారు. అక్కడ సందడి పండగకు ముందున్న నాలుగు వారాలది. ఆ తర్వాత అందరూ తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంటారు. జర్మనీ మార్కెట్లూ చాలావరకు 22, 23, 24 తేదీల్లో ముగిసేవే. నూరెంబర్గ్, డ్రెస్డెన్ 24న మూసేస్తాయి, కొలోన్‌లో కేథడ్రల్ ముందుండేది 23నే.

కాబట్టి తేదీలు మార్చుకోండి. ఈ ఏడాది అడ్వెంట్ ఆదివారాలు (క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలు) నవంబరు 29, డిసెంబరు 6, 13, 20. ఈ నాలుగింటిలో డిసెంబరు 6తో ముగిసే వారాంతం మంచిది. 12, 19 శనివారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా కేథడ్రల్ చుట్టూ నడవడం కాదు, జనం తోసుకెళ్లినట్టు వెళ్లడమే. శుక్రవారం క్లాసు లేకపోతే గురువారం రాత్రి చేరి, శుక్రవారం పగలంతా చూసి, శనివారం పొద్దున్నే కొల్మార్‌కి వెళ్లిపోండి. స్ట్రాస్‌బర్గ్ నుంచి రైల్లో అరగంటే.

సెలవు 25, 26, 27 తప్ప దొరకదంటే ఊరు మార్చాలి. ఇటీవలి ఏళ్లలో వియన్నా టౌన్‌హాల్ ముందు మార్కెట్ 26 వరకు, కొల్మార్‌లో 29 వరకు, సాల్జ్‌బర్గ్‌లో జనవరి 1 వరకు, చెక్ రాజధాని ప్రాగ్ పాత బస్తీ కూడలిలో జనవరి 6 వరకు నడిచాయి. టికెట్టు కొనేముందు ఆ నగరం అధికారిక సైటులో ఈ ఏటి తేదీ చూడండి. 25న మార్కెట్ ఉన్న చోట కూడా కొన్ని దుకాణాలు తెరవవు.

తిండి సంగతి ముందే ఆలోచించండి. జర్మనీలో 24న మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూస్తారు. 25, 26 సెలవులు, 27 ఆదివారం. అంటే 28 సోమవారం ఉదయం దాకా సూపర్ మార్కెట్ లేదు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండే దుకాణాలే దిక్కు. ఫ్రాన్స్‌లో 26 సెలవు కాదని ఎవరైనా చెబితే నమ్మకండి. మిగతా ఫ్రాన్స్‌కి కాదు గానీ, స్ట్రాస్‌బర్గ్, కొల్మార్ ఉన్న అల్సాస్ ప్రాంతానికి 26 కూడా సెలవే. చెక్ దేశంలో 24, 25, 26 మూడూ సెలవులు. పెద్ద దుకాణాలు 24 మధ్యాహ్నం 12కి మూసి 27న తెరుస్తారు. చపాతీలు, పులిహోర రెండు పూటలకు సరిపడా మూటగట్టుకుని వెళ్లినవాళ్లకే సుఖం.

ఇంకొక చిక్కు: యూరప్ రైళ్ల టైంటేబుల్ ఏటా డిసెంబరు రెండో శనివారం రాత్రి మారుతుంది, అంటే ఈసారి 13 నుంచి కొత్తది. నవంబరులో చూసి రాసుకున్న రైలు 19న అదే సమయానికి ఉండకపోవచ్చు. బయల్దేరే వారం మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: అక్టోబరులో వచ్చాను. నా డి-వీసా (జర్మనీ ఇచ్చిన దీర్ఘకాలిక వీసా) డిసెంబరు 18తో అయిపోతుంది. రెసిడెన్స్ కార్డుకి అప్లై చేశాను, ఇంకా రాలేదు. స్నేహితులంతా 19న ప్రాగ్ వెళ్తున్నారు. అప్లై చేసినట్టు ఈమెయిల్ ఉంది కదా, నేనూ వెళ్లొచ్చా?
(విద్యార్థిని, మాగ్డెబర్గ్)

జవాబు: ఆ ఈమెయిల్‌తో వెళ్లకూడదు. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి డిసెంబరులో ఎదురయ్యే పెద్ద ఇబ్బంది ఇదే కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాం.

డి-వీసా నడుస్తున్నంత కాలం దానితో మిగతా షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు మామూలుగా ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగొచ్చు. రెసిడెన్స్ కార్డు వచ్చాక కూడా అదే లెక్క. గడువు లోపల పొడిగింపుకి దరఖాస్తు పెట్టారు కాబట్టి, వీసా తేదీ దాటినా జర్మనీలో మీ ఉనికి చట్టబద్ధమే. కానీ ఆ మాట చెక్ పోలీసుకి మీరు చెబితే చాలదు, కాగితం చెప్పాలి. ఆ కాగితం పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, విదేశీయుల కార్యాలయం ఇస్తుంది.

దాని మూడో పేజీలో మూడు గడులుంటాయి. మొదటి రెండిటిలో ఏది టిక్కు పెట్టి ఉన్నా, ఒకసారి జర్మనీ దాటితే ఆ కాగితంతో తిరిగి రాలేరు. మూడో గడి, అంటే రెసిడెన్స్ చట్టం 81వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ కింద ఉన్నది, టిక్కు పెట్టి ఉంటే, గడువు తీరిన వీసా, పాస్‌పోర్టు, ఈ కాగితం మూడూ కలిపి చెల్లుతాయి. షెంగెన్ సరిహద్దులకు జర్మనీ ఇచ్చిన పత్రాల జాబితాలో ఇది ఉంది. డి-వీసా నుంచి గడువులోపల దరఖాస్తు పెట్టినవాళ్లకి మామూలుగా పడాల్సింది మూడో గడే. కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే ఆ పేజీ తెరిచి చూసుకోండి. తప్పు గడి పడితే అక్కడికక్కడే సరిచేయించడం తేలిక, తర్వాత అపాయింట్‌మెంట్ కోసం వారాలు పడుతుంది.

మూడో గడి ఉన్నా రైలు, బస్సు ప్రయాణాలకే పరిమితం కండి. విమాన కంపెనీ కౌంటర్లో ఉన్నవాళ్లకి ఈ కాగితం పరిచయం తక్కువ. వాళ్లు ఎక్కనివ్వకపోతే అక్కడ వాదించి గెలవలేరు.

కాగితం చేతికి రాకపోతే ప్రాగ్ మానేయండి. మీ ఊరికి డ్రెస్డెన్ దూరం కాదు. అక్కడి స్ట్రీట్‌సెల్‌మార్క్ట్ అనే క్రిస్మస్ మార్కెట్ 1434 నాటిది, మీ స్నేహితులు చూడబోయే దానికి ఏ విధంగానూ తీసిపోదు. ఇంకొకటి: క్రిస్మస్‌కీ జనవరి 1కీ మధ్య చాలా విదేశీయుల కార్యాలయాలు పనిచేయవు. అడగాల్సింది డిసెంబరు మొదటి వారంలోనే అడగండి.

ప్రశ్న: షెంగెన్‌లో బోర్డర్ చెకింగ్ ఉండదంటారు. పాస్‌పోర్టు పోతుందేమోనని రూములోనే పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసుకెళ్తే సరిపోదా?
(విద్యార్థి, పాసావ్)

జవాబు: సరిపోదు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే ఉండాలి. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటిలో తనిఖీలు పెట్టి, పొడిగిస్తూ వస్తోంది. సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్ వచ్చే రైళ్లలో సరిహద్దు ఊరు ఫ్రైలాసింగ్ దగ్గర పోలీసులు ఎక్కుతారు. ప్రాగ్ బస్సుల్ని పక్కకి ఆపించి అందరివీ చూస్తారు. కార్డు లేనివాళ్లని దింపేస్తే మిగతా స్నేహితులూ దిగాలి, లేదా వదిలేసి పోవాలి. రెండూ బాధే. పాస్‌పోర్టు ఈ మధ్యే కొత్తది తీసుకుని, కార్డు పాతదాని మీద ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి. వాటిని బ్యాక్‌ప్యాక్ వెనక అరలో కాదు, కోటు లోపలి జేబులో జిప్పు వేసి పెట్టండి. మార్కెట్ గుంపుల్లో దొంగల చెయ్యి మొదట పడేది వీపు సంచీ మీదే.

ప్రశ్న: డాయిచ్‌లాండ్‌టికెట్‌తో స్ట్రాస్‌బర్గ్ వెళ్లొచ్చని ఒకరు, కుదరదని ఒకరు. ఏది నిజం? అక్కడ రూములు రాత్రికి 200 యూరోలు చెబుతున్నారు.

జవాబు: సరిహద్దు దాకా వెళ్లొచ్చు. జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లు, బస్సులు, ట్రాముల్లో చెల్లే, నెలకు 63 యూరోల ఆ టికెట్టు కేల్ స్టేషన్ వరకు చెల్లుతుంది. కేల్ జర్మనీది, రైన్ నది దాటితే స్ట్రాస్‌బర్గ్. స్టుట్‌గార్ట్ నుంచి కార్ల్స్‌రూహ, ఆఫెన్‌బుర్గ్ మీదుగా ప్రాంతీయ రైళ్లలో సుమారు మూడు గంటలు. కేల్ స్టేషన్ బయట డి లైన్ ట్రామ్ ఎక్కితే పావుగంటలో ఊరి మధ్యకి చేరుస్తుంది. ఈ ట్రామ్ 2017లో నది దాటి ఇటు వచ్చింది. దానికి మాత్రం స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ టికెట్టు వేరే కొనాలి. ప్లాట్‌ఫారం మీదున్న యంత్రంలో కొని, ఎక్కేముందే అక్కడ ముద్ర వేయించుకోవాలి. టికెట్టు కొన్నా ముద్ర లేకపోతే జరిమానా తప్పదు.

రూము కూడా కేల్‌లోనో ఆఫెన్‌బుర్గ్‌లోనో తీసుకోండి. అడ్వెంట్ వారాంతాల్లో స్ట్రాస్‌బర్గ్ రేట్లకీ వీటికీ పోలిక లేదు. పైగా పొద్దున్న తినడానికి జర్మన్ సూపర్ మార్కెట్ పక్కనే ఉంటుంది.

మార్కెట్ రోజుల్లో పాత ఊరున్న దీవిలోకి వెళ్లే వంతెనల దగ్గర సంచులు తెరిచి చూస్తారు, మధ్యలోని కొన్ని ట్రామ్ స్టాపుల్లో బళ్లు ఆగవు. చక్రాల సూట్‌కేసులతో వంతెన దగ్గరకు వెళ్లకండి. రూములో పెట్టి చిన్న సంచీతో రండి. రూము గడువు అయిపోతే స్టేషన్ లాకర్ ఉంటుందిలే అనుకోవద్దు, శనివారం పది గంటలకే నిండిపోతాయి.

డాయిచ్‌లాండ్‌టికెట్ మీ ఒక్కరికే, పేరున్న గుర్తింపు కార్డు చూపాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. ఒక్క నెలకే తీసుకునేవాళ్లు అదే నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసేస్తారు.

ఐసీఈ లాంటి వేగం రైలుకి చవక టికెట్టు కొన్నవాళ్లకి ఒక మాట: ఆ టికెట్టు ఆ రైలుకే కట్టుబడి ఉంటుంది. గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యమవుతుందని తేలితే ఆ కట్టు తెగిపోతుంది, వేరే రైలెక్కొచ్చు. 60 నిమిషాలు దాటితే చార్జీలో 25 శాతం, 120 దాటితే 50 శాతం వాపసు అడగొచ్చు. డిసెంబరులో ఇది అడగాల్సిన అవసరం తరచుగానే వస్తుంది.

ప్రశ్న: అయిదుగురం కలిసి కారు అద్దెకు తీసుకుంటే తలకి తక్కువ పడుతోంది. నాకు హైదరాబాద్‌లో తీసుకున్న లైసెన్సు ఉంది, నాలుగేళ్లుగా నడుపుతున్నా. సాల్జ్‌బర్గ్, హాల్‌స్టాట్ వెళ్లాలని.
(విద్యార్థి, ఇంగోల్‌స్టాట్. జర్మనీ వచ్చి 14 నెలలు)

జవాబు: మీరు నడపకూడదు. నడిపితే నేరం. జర్మనీలో నివాసం ఏర్పడిన నాటి నుంచి భారతీయ లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది, అదీ అనువాదమో అంతర్జాతీయ పర్మిటో తోడుంటేనే. మీకు 14 నెలలు దాటాయి. జర్మన్ లైసెన్సుకి రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. మన లైసెన్సుని నేరుగా మార్చివ్వరు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అద్దె కంపెనీ కౌంటర్లో లైసెన్సు చూసి తాళాలిచ్చారు కాబట్టి సరే అనుకోవడం. మీరెప్పుడొచ్చారో వాళ్లు లెక్కపెట్టరు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ లెక్కపెడుతుంది. చెల్లని లైసెన్సుతో నడపడం అక్కడ చలానాతో పోయేది కాదు, క్రిమినల్ కేసు. రెసిడెన్స్ పొడిగింపు దగ్గర అది మళ్లీ ఎదురొస్తుంది.

గుంపులో నిజంగా చెల్లే లైసెన్సు ఉన్నవాళ్లుంటే ఇవి చూసుకోండి. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు డ్రైవరు పేరు మీదే ఉండాలి. ఇంకొకరు నడిపితే వాళ్ల పేరు ఒప్పందంలో రాయించాలి. కారు ఏయే దేశాలకు పోతుందో ముందే చెప్పాలి. 25 ఏళ్ల లోపువాళ్లకి అదనపు రుసుము ఉంటుంది. టైరు పక్కన మంచు రేకు ఉన్న కొండ గుర్తు ఉందో లేదో చూడాలి. జర్మనీలో మంచు రోడ్డు మీద ఆ టైర్లు తప్పనిసరి. ఆస్ట్రియా మోటర్‌వేకి విన్యెట్ (రోడ్డు సుంకం చీటీ) కావాలి, ఒక్క రోజుదీ పది రోజులదీ దొరుకుతాయి. డిజిటల్‌ది కారు నంబరు మీద కొనాలి, ఆ నంబరు కారు చేతికొచ్చాక గానీ తెలియదు. కాబట్టి పార్కింగ్‌లోనే నిలబడి ఫోన్‌లో కొని, ఆ తర్వాత కదలండి. అయిదుగురూ అయిదు సంచులూ పట్టే కారంటే చిన్న రకం చాలదని కూడా గుర్తుంచుకోండి.

నిజానికి సాల్జ్‌బర్గ్ దాకా కారు అవసరమే లేదు. డాయిచ్‌లాండ్‌టికెట్ సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ దాకా చెల్లుతుంది.

ప్రశ్న: మేం నలుగురం. ఇద్దరం శాకాహారులం, ఒకడు గుడ్డు తింటాడు, ఒకడు బీఫ్ తప్ప అన్నీ. మార్కెట్లలో మాకు తినడానికి ఏముంటాయి? అన్నిటిలో మాంసమే కనిపిస్తోంది.

జవాబు: నలుగురికీ దొరుకుతుంది, అడగడం తెలియాలి. బంగాళదుంప తురిమి నూనెలో వేయించే రైబెకూఖెన్, దానికి ఆపిల్ గుజ్జు తోడు. కొన్ని ఊళ్లలో కార్టోఫెల్‌పుఫర్ అంటారు. పిండిలో గుడ్డు కలుపుతారు కాబట్టి గుడ్డు తినేవాడికి ఇదే భోజనం. కేజెష్పెట్స్‌లె అనే జున్ను వేసిన పిండివంటలోనూ గుడ్డుంటుంది, పైన పంది ముక్కలు చల్లే అలవాటూ ఉంది. "ఒనె ష్పెక్" అంటే ఆ ముక్కలు లేకుండా అని. వడ్డించకముందే ఆ మాట అనాలి.

స్ట్రాస్‌బర్గ్‌లో పల్చటి రొట్టెలాంటి తార్త్ ఫ్లాంబే ప్రసిద్ధం. మామూలు రకంలో క్రీము, ఉల్లిపాయతో పాటు పంది ముక్కలు తప్పవు. పుట్టగొడుగులో జున్నో వేసినది అడగండి, "సాఁ లార్దోఁ" అని చెప్పండి. వియన్నా, ప్రాగ్ మార్కెట్లలో లాంగోష్ ఉంటుంది, వేయించిన పెద్ద పూరీలాంటిది, వెల్లుల్లి నీళ్లు రాసి జున్ను చల్లుతారు. గుడ్డు కూడా తినని వాళ్లకి కాల్చిన చెస్ట్‌నట్లు, బెల్లం పాకంలా చక్కెర పట్టించిన బాదం, ఉడికించిన మొక్కజొన్న ఎప్పుడూ భద్రం. వేయించిన వాటికి కొందరు పందికొవ్వు వాడతారు, దాని పేరు ష్మాల్ట్స్. పట్టింపు ఉన్నవాళ్లు ఆ పేరు పెట్టి అడగాలి.

బీఫ్ తిననివాళ్లు గూలాష్ దగ్గర ఆగి అడగండి, సాధారణంగా అది ఎద్దు మాంసమే. రింట్ అన్న మాట ఎక్కడ కనిపించినా అదే. ప్రాగ్ పాత బస్తీలో బొగ్గుల మీద కాల్చే పంది తొడ దగ్గర ఇంకో మెలిక: బోర్డు మీద రాసిన ధర 100 గ్రాములకి. వాళ్లు కోసి పెట్టేది 300 గ్రాములకి పైనే ఉంటుంది. కోసేముందు ఎన్ని గ్రాములో చెప్పండి. పక్కనే గొట్టంలా కాల్చే తియ్యటి ట్రెడెల్నిక్‌ని పాతకాలపు చెక్ వంట అని అమ్ముతారు. పర్యాటకుల కోసం పుట్టుకొచ్చిన రకమే అది, ఐస్‌క్రీం నింపితే ధర రెట్టింపు. ఒకటి కొని నలుగురూ పంచుకుంటే చాలు.

గ్లూవైన్ వేడి ద్రాక్ష మద్యం. తాగనివాళ్లు కిండర్‌పుంష్ అడగాలి. కప్పుకి కొన్ని యూరోల డిపాజిట్ కలిపి తీసుకుంటారు, తిరిగిస్తే వెనక్కొస్తుంది. వేరే కొట్టు కప్పు ఇంకో కొట్టులో తీసుకోకపోవచ్చు. దాచుకోవాలనుకుంటే ఉంచేసుకోండి, డబ్బు ఇచ్చేశారు కాబట్టి దొంగతనం కాదు.

ప్రశ్న: మా అమ్మాయి మాగ్డెబర్గ్‌లో చదువుతోంది. ముగ్గురు స్నేహితురాళ్లతో రెండు రాత్రులకి ప్రాగ్ వెళ్తానంటోంది. భయంగా ఉంది. ఏమేం కనుక్కోవాలో చెప్పండి.
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: వెళ్లనివ్వండమ్మా. గంటకోసారి ఫోన్ చేయడం కన్నా, బయల్దేరేముందు నాలుగు సంగతులు అడిగి రాసిపెట్టుకోవడం మేలు. దిగే చోటు పేరు, చిరునామా. మిగతా ముగ్గురిలో ఒకరి నంబరు. తిరుగు బస్సు లేదా రైలు తేదీ, సమయం. అమ్మాయి పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డుల ఫొటో మీ దగ్గర. ఫొటో ప్రయాణానికి చెల్లదు గానీ, పాస్‌పోర్టు పోతే ఎంబసీలో పని త్వరగా అవుతుంది. ప్రాగ్‌లో మన ఎంబసీ ఉంది. పాస్‌పోర్టు పోతే ముందు స్థానిక పోలీసు రిపోర్టు, తర్వాత ఎంబసీ.

అక్కడికీ మనకీ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. అక్కడ రాత్రి పదింటికి అమ్మాయి రూముకి చేరిందంటే మనకి తెల్లవారుజాము రెండున్నర. మెసేజ్ పెట్టి పడుకోమనండి, మీరు పొద్దున చూసుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో జర్మన్ సిమ్ అదనపు చార్జీ లేకుండా పనిచేస్తుంది, ఫోన్ అందకపోతే చార్జింగ్ అయిపోయి ఉంటుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. ఆపదకి అన్ని దేశాల్లోనూ 112.

ఆరోగ్య బీమా కార్డు తీసి వెనకవైపు చూడమనండి. నీలం రంగులో యూరోపియన్ కార్డు ముద్రించి ఉంటే ప్రాగ్‌లో అత్యవసర వైద్యానికి అది చెల్లుతుంది. ప్రభుత్వ పద్ధతి బీమా ఉన్న విద్యార్థులకు ఇది ఉంటుంది, ప్రైవేటు బీమా వాళ్లకి ఉండదు. ఒక మినహాయింపు తెలిసినవాళ్లు తక్కువ: యూరోపియన్ యూనియన్ పౌరులు కానివాళ్లకి ఈ కార్డు స్విట్జర్లాండ్, నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలో పనికిరాదు. అటు వెళ్లేటప్పుడు వేరే ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోవాలి.

డబ్బు సంగతి. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలకు వచ్చేది 992 యూరోలు, అద్దె, బీమా అందులోంచే. జాగ్రత్తగా ఉంటే ఈ రెండు రాత్రుల ప్రయాణం 200 యూరోల చుట్టూ అవుతుంది. ఆ 200 ఎక్కడ మిగిల్చిందో అడగండి. జవాబు ఠక్కున చెబితే మీ అమ్మాయికి లెక్క తెలుసన్నమాట.

ప్రశ్న: ప్రాగ్‌లో యూరోలు తీసుకుంటారా, మార్చుకోవాలా?

జవాబు: చెక్ కరెన్సీ కొరూనాలు వాడండి. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది, వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తున్నది కావాలి; జర్మన్ బ్యాంకులిచ్చే జీరోకార్డ్ (Girocard) ఒక్కటే ఉంటే నమ్ముకోవద్దు. యంత్రం "యూరోల్లోనా, కొరూనాల్లోనా" అని అడిగితే కొరూనాలే నొక్కండి. యూరోలు నొక్కితే మారకం రేటు వాళ్లు పెట్టుకున్నది. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. బ్యాంకు శాఖకి ఆనుకుని ఉన్న ఏటీఎంలో తీసుకోండి.

వీధిలో మంచి రేటిస్తానని దగ్గరకొచ్చే మనిషి చేతిలో ఉండేవి చెక్ నోట్లు కాకపోవచ్చు, వేరే దేశపు పనికిరాని నోట్లు అంటగడతారు. లైసెన్సున్న మారకం కొట్టులో మోసపోయామనిపిస్తే ఒక దారి ఉంది: 2019 ఏప్రిల్ నుంచి, 1000 యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రసీదు చూపి రద్దు చేసుకునే హక్కు చెక్ చట్టం ఇచ్చింది. రసీదు పారేయకండి.

ప్రశ్న: నేను లెస్టర్‌లో ఎమ్మెస్సీ. జర్మనీలో ఉన్న మా ఫ్రెండ్స్ పారిస్ రమ్మంటున్నారు. యూకే స్టూడెంట్ వీసాతో వెళ్లొచ్చా?

జవాబు: కుదరదు, షెంగెన్ వీసా కావాలి. రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టొచ్చు. కానీ చిక్కంతా అపాయింట్‌మెంట్ దగ్గర. డిసెంబరు ప్రయాణానికి సెప్టెంబరులో వెతకాలి, నవంబరులో మేలుకుంటే ఈ ఏటికి వదులుకోవడమే. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. 30,000 యూరోల వైద్య బీమా, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు ఉండాలి. వెళ్లేముందు మీ యూకే ఈ-వీసా ఖాతాలో ఉన్నది ఇప్పటి పాస్‌పోర్టు నంబరేనా చూసుకోండి, లేకపోతే తిరుగు విమానం దగ్గర ఆపుతారు. డిసెంబరు 25న యూకేలో రైళ్లు నడవవు, యూరోస్టార్ కూడా. 26న కూడా యూకే లోపలి రైళ్లు చాలావరకు ఉండవు కాబట్టి 24న గానీ 27న గానీ పెట్టుకోండి.

ప్రశ్న: చలికి ఏం వేసుకోవాలి? నా జాకెట్ మంచిదే, అయినా గంటలో వణుకు.

జవాబు: చలి పాదాల్లోంచి ఎక్కుతోంది. మార్కెట్‌లో నడక తక్కువ, రాతిబండల మీద నిలబడటం ఎక్కువ. మందపాటి సోలు ఉన్న బూటు, ఊలు మేజోళ్లు ఒక్క జతే. రెండు జతలు బిగించి వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు, చెమట పట్టి తడిగా ఉండిపోతుంది. థర్మల్, ఫ్లీస్, పైన గాలి చొరనిది, ఈ మూడు చాలు. ప్రాగ్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి. చూడాల్సిన కోటలు, చర్చిలు పగలు ముగించి మార్కెట్‌కి చీకటి పడ్డాక వెళ్లండి.

ప్రశ్న: చెక్ సరిహద్దు దగ్గర బాణసంచా చవక, గట్టిగా పేలతాయి. దీపావళి మిస్సయ్యాం, డిసెంబరు 31 కోసం ఒక సంచీ తెచ్చుకోవచ్చా?
(ఇద్దరు విద్యార్థులు, కెమ్నిట్స్)

జవాబు: తేవద్దు. గట్టిగా పేలేవి చాలావరకు ఎఫ్3, ఎఫ్4 తరగతులవి. జర్మనీలో వాటికి ప్రత్యేక అనుమతి కావాలి, లేకుండా తేవడం పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. డిసెంబరులో ఆ సరిహద్దులో కస్టమ్స్, పోలీసులు వెతికేవి ఇవే. రైల్లో, బస్సులో బాణసంచా సంచీ ఎక్కించడానికే వీల్లేదు. జర్మనీలో సంవత్సరాంతపు టపాసులు చివరి మూడు రోజులు దుకాణాల్లో అమ్ముతారు, 18 ఏళ్లు నిండినవాళ్లు కొనొచ్చు. 31, 1 తేదీల్లోనే కాల్చాలి. ఊరి మధ్య కొన్ని వీధుల్లో ఆ రోజుల్లోనూ నిషేధం ఉంటుంది, మీ నగరపాలక సంస్థ సైటులో ఆ వీధుల పేర్లు ముందే పెడతారు.